పిల్లలమర్రి లాంటి పాత గుడికి వెళ్లేముందు తాళం సంగతి చూసుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వచ్చే నెల హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరి సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి శివాలయాలు చూడాలనుకుంటున్నారు, నాన్నగారికి 70 దాటాయి, పోయినసారి ఇలాంటిదే ఇంకో పల్లెటూరి గుడికి వెళ్తే తాళం వేసి ఉంది, కటకటాల్లోంచి తొంగిచూసి వెనక్కి వచ్చేశారు. ఈసారి ఏ టైంకి వెళ్లాలి, ఎవరిని అడగాలి, లోపల ఏం చూడాలి, ఫోటోలు తీసుకోనిస్తారా అని. ఇలాంటి ఊళ్ల వెంట నేను ఇరవై ఏళ్లకు పైగా తిరుగుతున్నాను, తాళం చూసి వెనక్కి వచ్చిన రోజులు నాకూ చాలా ఉన్నాయి, కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. మ్యాప్‌లో పిల్లలమర్రి అని కొడితే మహబూబ్‌నగర్ పిల్లలమర్రి వస్తుంది, అది ఊడలు దిగిన పెద్ద మర్రిచెట్టు ఉన్న చోటు. అక్కడ కూడా శ్రీశైలం ముంపు నుంచి తరలించి తెచ్చి కట్టిన పాత శివాలయం ఒకటి ఉంది కాబట్టి ఫోటోలు చూసి ఇదే కాబోలు అనుకునే ప్రమాదం ఎక్కువ. మీకు కావలసింది సూర్యాపేట జిల్లాలోది. విజయవాడ హైవే మీద వెళ్లి సూర్యాపేట దగ్గర పక్కకి తిరగాలి. మ్యాప్‌లో అక్కడి శివాలయం పేరు పెట్టి, ఎరకేశ్వరాలయం అని వెతకండి, తేడా రాదు.

ఇక తాళం సంగతి. పల్లెటూళ్లలో పాత గుడి అంటే పొద్దున్నుంచి రాత్రి దాకా తలుపులు తీసి ఉండే చోటు కాదు. పొద్దున పూజారి వచ్చి ఊడ్చి, నీళ్లు పోసి, దీపం పెట్టి, నైవేద్యం చూపించి తలుపు వేసుకుని వెళ్లిపోతారు, మళ్లీ సాయంత్రం దీపాల వేళకి వస్తారు. మధ్యలో ఆయనకి పొలం ఉంటుంది, పక్క ఊళ్లో ఇంకో రెండు గుళ్లు ఉంటాయి, పెళ్లిళ్లు వ్రతాలు ఉంటాయి. మీరు హైదరాబాద్‌లో తీరిగ్గా టిఫిన్ చేసి ఎనిమిదింటికి బయల్దేరితే ఊరికి చేరేసరికి పదకొండు అవుతుంది, అంటే సరిగ్గా ఎవరూ ఉండని టైం. చాలామందికి జరిగేది ఇదే, తర్వాత వచ్చి 'గుడి మూసేశారు, ఎవరూ పట్టించుకోవట్లేదు' అని రాస్తారు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే ఆ గుడిలో ఆ పొద్దునే ఎవరో దీపం పెట్టి వెళ్లి ఉంటారు.

నా సలహా అయితే తెల్లవారుజామున నాలుగున్నరకి బయల్దేరండి, ఏడున్నరకల్లా గుడి దగ్గర ఉండండి. అంత పొద్దున నాన్నగారికి కష్టమనుకుంటే ముందురోజు సాయంత్రమే సూర్యాపేటలో దిగి పడుకోండి, అది ఇంకా మంచిది. సోమవారం అయితే శివాలయం కాస్త ఎక్కువసేపు తీసి ఉంటుంది, మాసశివరాత్రి రోజు కూడా. కార్తీకమాసంలో రోజంతా తలుపులు తీసే ఉంటాయి కానీ జనంలో దర్శనం అవుతుంది తప్ప శిల్పం కనపడదు, స్తంభాల మొదట్లో అంతా ప్రమిదలే ఉంటాయి. దర్శనమే ముఖ్యమైతే కార్తీకంలో వెళ్లండి, గుడిని గుడిగా చూడాలంటే మాఘంలోనో, కార్తీకం దాటాక వచ్చే మామూలు రోజుల్లోనో వెళ్లండి.

ఊళ్లోకి వెళ్లాక కారు నేరుగా గుడి ముందు ఆపకండి. ఊరి మొదట్లో హోటలో కిరాణా కొట్టో ఉంటుంది, అక్కడ ఆగి టీ తాగండి, కొబ్బరికాయ, అరటిపళ్లు, అగరబత్తి అక్కడే కొనండి, కొంటూ అడగండి: 'అన్నా, శివాలయం తాళం ఎవరి దగ్గర ఉంటది?' అని. ఈ ఒక్క మాటతో సగం పని అయిపోతుంది. వాళ్లే ఫోన్ చేస్తారు, పూజారి ఊళ్లో లేకపోతే తాళంచెవి ఎవరి ఇంట్లో పెట్టి వెళ్లారో చెప్తారు, ఒక పిల్లవాణ్ణి మీ వెంట పంపిస్తారు. ఒక ఊళ్లో నాకు తాళం తీసింది డెబ్బై దాటిన ఒక పెద్దమ్మ. పూజారి ఇంటి పక్కనే ఉంటుందట, కొంగు చివర ముడి విప్పి జానెడు పొడుగు ఇనప తాళంచెవి తీసింది, తలుపు తోసేముందు మూడుసార్లు చప్పట్లు కొట్టింది. ఎందుకమ్మా అంటే 'లోపల గబ్బిలాలుంటయి, పామున్నా పక్కకి పోతది, దేవునికి కూడా మనం వచ్చినమని ఎరుకైతది' అంది. అప్పటినుంచి నేనూ చీకటి గర్భగుడిలో అడుగు పెట్టేముందు చప్పుడు చేసి కాసేపు ఆగుతాను.

అడిగి వెళ్లాలని ఇంత గట్టిగా చెప్పడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. పాత గుళ్లున్న ఊళ్లన్నిటికీ గుప్తనిధుల బెడద ఉంది. రాత్రిపూట వచ్చి నంది కింద తవ్వేవాళ్లు, లింగం పానవట్టం పెకిలించేవాళ్లు, ధ్వజస్తంభం మొదలు గుల్ల చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అందుకని పట్నం నుంచి ఎవరో బ్యాగులు తగిలించుకుని గుడి చుట్టూ తిరుగుతూ గోడలు తడుముతూ, రాళ్ల మీద రాతలు ఫోటోలు తీస్తుంటే ఊరివాళ్లకి అనుమానం రావడం న్యాయమే. చాలా ఏళ్ల కిందట ఒక మిట్టమధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా పొలాల మధ్య ఉన్న ఒక గుడికి వెళ్లి, ట్రైపాడ్ పెట్టుకుని శాసనం ఫోటో తీస్తుంటే పదిమంది వచ్చి చుట్టుముట్టారు. చేతిలో ఉన్న టేప్ చూసి మరీ భయపడ్డారు, ఎక్కడ తవ్వాలో కొలుస్తున్నాననుకున్నారు. రెండు గంటలు రచ్చబండ మీద కూర్చోబెట్టారు, ఫోన్‌లో ఫోటోలన్నీ చూపించి, శాసనంలో ఏముందో చదివి వినిపించాక గానీ వదల్లేదు. చదివి వినిపించాక మాత్రం భోజనం పెట్టి పంపించారు. వాళ్లు చేసింది తప్పని నేను ఆరోజూ అనుకోలేదు, ఈరోజూ అనుకోను, వాళ్లు అలా కాపలా కాయబట్టే ఆ గుడి మిగిలింది. కాబట్టి చీకటి పడ్డాక వెళ్లొద్దు, డ్రోన్ వద్దు, కొలతల టేపులు వద్దు, ఊరికి చెప్పి వెళ్లండి.

ఇక పిల్లలమర్రి గురించి. ఇది కాకతీయుల కింద సామంతులుగా ఉన్న రేచర్ల రెడ్ల ఊరు. ఎరకేశ్వరాలయాన్ని 1208లో రేచర్ల బేతిరెడ్డి భార్య ఎరకసాని కట్టించింది, ఆమె పేరు మీదే దేవుడు ఎరకేశ్వరుడయ్యాడు. అక్కడే ఉన్న ఇంకో శివాలయం నామేశ్వరాలయానికి ఆ పేరు రేచర్ల నామిరెడ్డి వల్ల వచ్చింది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక స్త్రీ తన పేరు మీద ఇంత గుడి కట్టించి, దాని పోషణకి భూములిచ్చి, ఆ సంగతి రాతి మీద రాయించింది, ఇప్పటికీ అక్కడ నిలబడి ఆ పేరు మనం పలుకుతున్నాం. నాకు ఆ గుడి అంటే అంత ఇష్టం ఉండటానికి శిల్పం ఒక కారణమైతే ఇది ఇంకో కారణం. ఐదేళ్ల తర్వాత 1213లో అదే రేచర్ల వంశంలోని రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు, దానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇప్పుడు అక్కడ బస్సులు బస్సులు ఆగుతున్నాయి. మీరు రామప్ప చూసి ఉంటే పిల్లలమర్రిలో అడుగుపెట్టగానే ఆ చుట్టరికం కనపడుతుంది, చూడకపోతే మాత్రం ముందు పిల్లలమర్రి చూసి తర్వాత రామప్పకి వెళ్లండి, ఎందుకంటే ఇక్కడ జనం ఉండరు, ఒక్కో స్తంభం దగ్గర పావుగంట నిలబడినా ఎవరూ జరగమనరు.

లోపల ఏం చూడాలో చెప్తాను, ఇది కాకతీయుల నాటి ఏ శివాలయానికైనా పనికొస్తుంది. గర్భగుడి ముందున్న పెద్ద మండపాన్ని రంగమండపం అంటారు, దాని మధ్యలో నాలుగు స్తంభాలుంటాయి, నల్లరాయి, లేత్ మిషన్ మీద పెట్టి తిప్పి చెక్కారా అన్నంత గుండ్రంగా గీతలు గీతలుగా ఉంటాయి, నున్నగా మెరుస్తాయి. వేలితో కాదు, చూపుతో తడమండి. వాటిని నాణెంతో కొడితే గంటలా మోగుతాయని ఎవరో ఒకరు చూపించబోతారు, వద్దని మెల్లిగా చెప్పండి, వచ్చిన ప్రతివాళ్లూ కొట్టడం వల్ల ఆ చోట రాయి తెల్లగా పొక్కుతుంది. ఆ నాలుగు స్తంభాల మధ్య నిలబడి తల పైకెత్తండి, ఫోన్ టార్చ్ పైకప్పు మీద వెయ్యండి, అసలు పనంతా అక్కడుంటుంది, మెడ నొప్పి పెడితే ఒక తువ్వాలు పరుచుకుని వెల్లకిలా పడుకుని చూడండి, మామూలు రోజుల్లో ఎవరూ ఏమీ అనరు. పిల్లలమర్రిలో పాత రంగుల బొమ్మల ఆనవాళ్లు కూడా ఉన్నాయి, కాకతీయుల నాటి వర్ణచిత్రాలు మిగిలిన చోట్లు చాలా తక్కువ, అందుకే వాటి మీద ఫ్లాష్ కొట్టకండి, కర్పూరం పొగ అటు పోనివ్వకండి.

ఆ తర్వాత గర్భగుడి ద్వారం దగ్గరికి రండి. మనం ఎంతసేపూ లోపలున్న దేవుణ్ణి చూడాలన్న ఆత్రంలో ద్వారబంధం చూడకుండానే దాటేస్తాం. పైన అడ్డకమ్మీ మధ్యలో చిన్న దేవతా బొమ్మ ఉంటుంది, లలాటబింబం అంటారు, గజలక్ష్మి ఉండొచ్చు, ఇంకో దేవత ఉండొచ్చు, దాన్ని బట్టి ఆ గుడి మొదట ఎవరిదో చాలాసార్లు తెలుస్తుంది. అటూ ఇటూ ద్వారపాలకులు, వాళ్ల చేతుల్లో త్రిశూలం ఉంటే శివుడి గుడి, శంఖచక్రాలుంటే విష్ణువు గుడి. గర్భగుడికీ రంగమండపానికీ మధ్య ఉండే చిన్న గది, అంతరాళం, దాని ద్వారానికి రెండు పక్కలా చిల్లుల రాతిపలకలుంటే ఇంకా దగ్గరికి వెళ్లి చూడండి, కాకతీయ శిల్పులు ఆ చిల్లుల మధ్య మన చిటికెన వేలంత నర్తకిని కూడా మెడలో హారాలతో సహా చెక్కారు. చాలా ఊళ్లలో ఇవన్నీ సున్నం పొరల కింద ఉండిపోయాయి. ఏటా పండక్కి ఒక పూత, పైన ఎనామిల్ పెయింటు, దాని మీద వెండిరంగు, చివరికి ముక్కు చెవులు పూడిపోయి ముద్దగా మిగులుతుంది. గోరుతో గీకి చూద్దామనిపిస్తుంది, అస్సలు చేయొద్దు, సున్నంతో పాటు రాతి పెచ్చు ఊడి వస్తుంది.

తర్వాత గుడి బయటికి వచ్చి చుట్టూ తిరగండి, కిందికి చూస్తూ తిరగండి. శిఖరం అందరూ చూస్తారు, అది చాలాచోట్ల తర్వాత ఎప్పుడో ఇటుకతో కట్టిందే అయి ఉంటుంది. పాతదనం కింద పునాది పొరల్లో ఉంటుంది. ఏనుగుల వరసలు, హంసలు, పూలతీగలు అక్కడే ఉంటాయి, సగం మట్టిలో కూరుకుపోయి ఉంటాయి. ఊరి నేల వందల ఏళ్లలో పెరుగుతూ వచ్చింది, గుడి ఉన్నచోటే ఉంది, అందుకే పాత గుళ్లలో చాలావాటికి మెట్లు దిగి వెళ్లాలి. గుడిమల్లంలో పరశురామేశ్వరుడి గర్భగుడి అలాగే పల్లంలో ఉంటుంది, అక్కడి లింగం క్రీస్తు పూర్వం 2, 1 శతాబ్దాల నాటిదని పండితులంటారు, దాదాపు ఐదడుగుల ఎత్తు, ముందువైపు పొట్టేలును పట్టుకుని నిలబడ్డ వేటగాడి రూపంలో శివుడు. తిరుపతికి అంత దగ్గర్లో ఉన్నా తిరుపతి వెళ్లేవాళ్లలో అక్కడికి వెళ్లేవాళ్లు ఎంతమంది చెప్పండి. ప్రదక్షిణలో ఒక్కటి గుర్తుపెట్టుకోండి, శివాలయంలో అభిషేకం నీళ్లు బయటికి వచ్చే సోమసూత్రం దాటకూడదంటారు, అక్కడిదాకా వెళ్లి వెనక్కి తిరిగి రండి. మీకు నమ్మకం ఉన్నా లేకపోయినా చూసే ఊరివాళ్లకి ఉంది.

గుడి బయట చెట్టు కిందో గోడకి ఆనించో విడిగా పడి ఉన్న రాళ్లని వదిలిపెట్టకండి. కత్తి పట్టుకున్న వీరుడు ఉంటే అది వీరగల్లు, ఆవుల కోసమో ఊరి కోసమో పోరాడి చనిపోయినవాడి గుర్తు. వరసగా ఏడుగురు దేవతలు కూర్చుని ఉంటే సప్తమాతృకలు. పొడవాటి రాయి మీద పైన సూర్యచంద్రులు చెక్కి ఉంటే ఆగండి, అది శాసనం. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం నిలవాలని ఆ గుర్తు. మొదట్లో 'స్వస్తిశ్రీ' అని, 'శకవర్షంబులు' అని కనపడితే పక్కనున్న అంకెకి 78 కలపండి, మన సంవత్సరం వస్తుంది. శకం 1130 అంటే 1208 అన్నమాట. చివర్లో చాలావాటికి ఒకే శ్లోకం ఉంటుంది, 'స్వదత్తాం పరదత్తాం వా' అని మొదలై, ఇచ్చిన భూమిని లాక్కున్నవాడు అరవై వేల ఏళ్లు పురుగై పుడతాడని శాపం. ఆ మొదటి మాటలు, చివరి మాటలు గుర్తుపట్టడం వస్తే చాలు, మధ్యలో ఊరి పేరో, చెరువు పేరో, దాత పేరో మీకే మెల్లిగా దొరుకుతాయి. మిగతా అక్షరాలు ఇప్పటి తెలుగుకి కొంచెం దూరం, కన్నడానికి కొంచెం దగ్గర, భయపడాల్సిందేం లేదు.

అక్షరాలు కనపడాలని ముగ్గుపిండో సుద్దో పూసేవాళ్లుంటారు, పూజ పేరుతో నూనె పోసేవాళ్లు కూడా ఉంటారు. మీరు మాత్రం ఏమీ పూయకండి. పొద్దున ఏడు ఎనిమిది మధ్య ఎండ ఏటవాలుగా పడినప్పుడు అక్షరాలు వాటంతటవే లేస్తాయి, మధ్యాహ్నం అదే రాయి మొద్దుగా కనపడుతుంది. ఎండ పడని చోట అయితే టార్చ్‌ని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యండి. మా అమ్మాయి పదేళ్ల వయసులో ఒకసారి అలా టార్చ్ పట్టుకుని నిలబడితే, ఏమీ లేదనుకున్న రాతి మీద 'దీ' అన్న అక్షరం నీడలో తేలింది, తర్వాత 'ప' తేలింది, అరగంట కూర్చుంటే అది అఖండదీపానికి ఇచ్చిన దానమని తెలిసింది. అప్పట్లో గుళ్లో దీపం ఆరకుండా ఉండాలని గొర్రెలనో ఆవులనో ఇచ్చేవాళ్లు, వాటిని కాచేవాడు రోజూ ఇంత నెయ్యి అని కొలిచి పొయ్యాలి. నెయ్యి ఇవ్వాల్సిన బాధ్యత వాడి తర్వాత వాడి బిడ్డలది.

అందుకే గుడికి ఏం తీసుకెళ్లాలని ఎవరు అడిగినా నేను నూనె అని చెప్తాను. రెండు లీటర్ల నువ్వులనూనె, ఒత్తుల కట్ట, అగ్గిపెట్టెలు. పెద్ద దండలు, పట్టుబట్టలు అక్కర్లేదు, దేవుడి మీద వేసిన దండ సాయంత్రానికి వాడిపోతుంది, నూనె మాత్రం నెల రోజులు వెలుగుతుంది. శాసనాల్లో రాసిన మాన్యాలు చాలావరకు ఇప్పుడు గుడి చేతిలో లేవు. ఆదాయం లేని చిన్న గుళ్ల కోసం 2007లో ధూపదీప నైవేద్యం పథకం పెట్టారు, మొదట్లో నెలకి 2,500, ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ 10,000కి పెంచారు. అందులోనే నూనె, బియ్యం, పూజారి జీవనం అన్నీ. ఆ పథకంలో లేని గుళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. కాబట్టి హారతి పళ్లెంలో మనస్ఫూర్తిగా ఏదైనా వెయ్యండి, మీ కోసం మధ్యాహ్నం పొలం నుంచి వచ్చి తలుపు తీసిన మనిషికి విడిగా కూడా ఇవ్వండి. హుండీలో వేస్తే గుడికి చేరుతుంది, పళ్లెంలో వేస్తే పూజారికి చేరుతుంది, ఆ తేడా తెలుసుకుని వెయ్యండి.

పూజారి చెప్పే స్థలపురాణం పూర్తిగా వినండి. పరశురాముడు ప్రతిష్ఠించాడనో, పాండవులు ఒక్క రాత్రిలో కట్టారనో అంటారు. మీకు చరిత్ర తెలుసు కదా అని మధ్యలో 'కాదండీ, ఇది పదమూడో శతాబ్దం' అనకండి. ఆయన చెప్పేది ఆ ఊరు తన గుడి గురించి తరతరాలుగా చెప్పుకున్న మాట, శాసనం చెప్పేది ఇంకో మాట, రెండూ ఒకే చోట ఉండగలవు. పల్నాడులో నరసరావుపేట దగ్గర చేజర్ల కపోతేశ్వరాలయం చూడండి, పావురాన్ని కాపాడటానికి శిబి చక్రవర్తి తన ఒంటి మాంసం కోసి ఇచ్చిన చోటు అదేనని ఊరి నమ్మకం. గుడి కట్టడం చూస్తేనేమో ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, మొదట బౌద్ధ చైత్యమని చరిత్రకారులంటారు. నాకైతే ఆ గుళ్లో నిలబడినప్పుడు ఈ రెండు మాటలూ ఒకదాన్ని ఒకటి చెరపవనిపించింది, దయ గురించిన కథ దయ గురించి చెప్పిన చోటే నిలిచింది కదా. విన్నాక, ఆయన మాట పూర్తయ్యాక, 'ఇక్కడ శాసనం ఏమైనా ఉందా పంతులుగారూ' అని అడగండి. చాలాసార్లు ఆయనే ఏ గోశాల వెనకకో తీసుకెళ్లి ఎవరూ చూడని రాయి చూపిస్తారు.

ఫోటోల సంగతి. మూలవిరాట్టు ఫోటో అడగకుండా తియ్యకండి, వద్దంటే వద్దు, బతిమాలకండి. మండపం, స్తంభాలు, బయటి గోడలు సాధారణంగా తీసుకోనిస్తారు. పురావస్తు శాఖ నీలం బోర్డు ఉంటే ఒకసారి చదవండి, కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే 1958 నాటి చట్టం కింద రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా పడొచ్చు, పేరు చెక్కడం కూడా పాడుచెయ్యడమే. ఇంకో మాట, నెట్‌లో పెట్టేటప్పుడు విడిగా పడి ఉన్న చిన్న విగ్రహాలకి లొకేషన్ పెట్టకండి, తలుపు తాళం ఎలా ఉందో కనపడే ఫోటో అసలు పెట్టకండి. దొంగలు కూడా మనలాగే వెతుక్కుంటారు.

గర్భగుడిలోకి వెళ్లొచ్చా అన్నది ఒక్కో ఊళ్లో ఒక్కోలా ఉంటుంది. తెలంగాణలో చాలా శివాలయాల్లో మిమ్మల్నే లోపలికి రమ్మని చెంబు చేతికిచ్చి లింగం మీద నీళ్లు పొయ్యమంటారు, ఇంకోచోట గడప కూడా తాకనివ్వరు. రమ్మన్నదాకా గడప బయటే నిలబడండి. తోలు బెల్టు, పర్సు కారులో పెట్టి వెళ్తే మాటపడే అవసరం ఉండదు. నాన్నగారు పంచె కట్టుకునే అలవాటున్నవారైతే కట్టుకుని రమ్మనండి, పల్లెటూరి గుళ్లో పంచె కట్టుకున్న పెద్దాయనకి ఇచ్చే ఆదరమే వేరు, నిజంగా.

అన్నట్టు, ఒక గుడి గురించి చెప్పాలి, పేరు రాయను. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ముఖమండపం నేల మీద ఒక శాసనం పలక ఉండేది, నడిచి నడిచి సగం అరిగినా పది పన్నెండు వరసలు చదవగలిగేలా ఉంది. వెలుతురు సరిపోక పై సగమే ఫోటో వచ్చింది, మళ్లీ వచ్చి తీసుకుందాంలే అనుకున్నాను. రెండేళ్ల తర్వాత వెళ్తే నేలంతా తళతళలాడే టైల్స్. బయట ఊళ్లో స్థిరపడిన ఒక భక్తుడు లక్షలు ఖర్చుపెట్టి మంచి మనసుతోనే వేయించాడు. పలక తియ్యలేదు, దాని మీదే సిమెంటు పరిచారు. దాత పేరున్న కొత్త పలక గోడకి ఉంది, పాత దాత పేరు కింద ఉండిపోయింది. మీకు రేపు ఇలాంటి గుడికి ఏదైనా చెయ్యాలనిపిస్తే టైల్స్, పెయింటు, గ్రానైటు వద్దు. పైకప్పు కురుస్తుంటే ఆ సంగతి పురావస్తు శాఖకీ దేవాదాయ శాఖకీ ఫోటోలతో రాసి పంపండి, శిఖరం మీద మొలిచిన రావిమొక్కని వేరు ముదరకముందే తీయించమని చెప్పండి, చీకటి మండపానికి ఒక బల్బు పెట్టించండి. రావివేరు ఒక్కటి చాలు, వందల ఏళ్లు కదలని రాయిని కదిలించడానికి.

ఇక నాన్నగారి కోసం. రాతి నేల పదిన్నర దాటితే కాలుతుంది, చెప్పులుండవు కాబట్టి ఒక జత మందపాటి సాక్సులు పెట్టుకోండి, అభ్యంతరం చెప్పేవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. కాకతీయుల గుళ్లలో గడపలు ఎత్తుగా ఉంటాయి, లోపల చీకటి, నేల నూనెతో జారుతుంది, ఆయన చెయ్యి పట్టుకునే ఉండండి. రంగమండపం చుట్టూ ఆనుకుని కూర్చోవడానికి రాతి అరుగులుంటాయి, కక్షాసనాలంటారు, మీరు గోడలు చూసేలోపు ఆయన్ని అక్కడ కూర్చోబెట్టండి, చల్లగా ఉంటుంది. శిఖరం కింద తేనెపట్టు ఉందేమో ముందే తల ఎత్తి చూడండి, ఉంటే అటువైపు అగరబత్తులు వెలిగించొద్దు. బాత్రూం హైవే మీదే చూసుకుని రండి, గుడి దగ్గర దొరకదు. నీళ్లు, కాస్త మజ్జిగ కారులో ఉంచుకోండి.

పిల్లలమర్రి రెండు గంటలు, రెండున్నర గంటలు పడుతుంది, ఇంకా టైం ఉంటే సూర్యాపేట నుంచి నాగులపాడు కూడా వెళ్లొచ్చు, అక్కడివీ కాకతీయుల కాలపు గుళ్లే. నల్లగొండ మీదుగా వెనక్కి వస్తే పానగల్లులో ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం ఉన్నాయి, ఛాయా సోమేశ్వరంలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా నిలిచే స్తంభం నీడ చూడాలంటే వెలుతురు ఉండగానే చేరాలి. కానీ నాన్నగారితో కాబట్టి అన్నీ ఒక్క రోజులో పెట్టుకోకండి. నన్నడిగితే పిల్లలమర్రి ఒక్కటే చూసి, తాళం తీసినవాళ్ల ఇంటికి వెళ్లి తాళంచెవి మీ చేత్తో ఇచ్చి, వాళ్ల ఫోన్ నంబరు రాసుకుని బయల్దేరండి. ఈసారి ముందే ఫోన్ చేసి వెళ్లొచ్చు.